ఎక్జిమా: ఆహారం, పథ్యం

చర్మం పొడిబారి, ఎర్రబడి, ఆగని దురదతో ఏళ్ల తరబడి వచ్చిపోతూ ఉండే వ్యాధి ఎక్జిమా. అంటుకునే జబ్బు కాదు. గోకినకొద్దీ రసి కారుతుంది, పొక్కు కడుతుంది, మళ్లీ మళ్లీ గోకిన చోట చర్మం నల్లబడి తోలులా మందమవుతుంది. పసిపిల్లల్లో బుగ్గల మీద, నుదుటి మీద మొదలై, నడక వచ్చాక మోచేతి మడతల్లోకి, మోకాళ్ల వెనక్కి, మెడ మీదికి మారుతుంది. ఇందులో ప్రధానమైన రకాన్ని వైద్యులు అటోపిక్ డెర్మటైటిస్ అంటారు. ఉబ్బసం, పుప్పొడి తుమ్ములు కొన్ని కుటుంబాల్లో వరసగా రావడం గమనించి 1923లో అమెరికా వైద్యులు ఆర్థర్ కోకా, రాబర్ట్ కుక్ ఆ స్వభావానికి అటోపీ అని పేరు పెట్టారు. పదేళ్లకు, 1933లో, ఫ్రెడ్ వైజ్, మారియన్ సల్జ్‌బర్గర్ ఆ మాటను ఈ చర్మవ్యాధికి జోడించారు. తెలుగులో దీనికి నికరమైన పేరు లేదు. కొందరు తామర అంటారు. అయితే బూజు జాతి సూక్ష్మజీవుల వల్ల గుండ్రంగా, అంచు తేలి వచ్చే మచ్చలనూ తామరే అంటారు. కొందరు గజ్జి అంటారు. గజ్జి కంటికి ఆనని పురుగు చర్మంలో దొలుచుకుని ఉండటం వల్ల వచ్చేది, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటేది. పేర్ల గజిబిజి చిన్న విషయం కాదు. గజ్జికి ఎన్ని నెలలు పథ్యం చేసినా పురుగు చావదు. తామరకు ఎక్జిమాకు వాడే స్టెరాయిడ్ పూత రాస్తే అది ఇంకా పాకుతుంది. అందుకే తిండి సంగతి ఆలోచించే ముందు జబ్బేమిటో తేల్చుకోవడం మొదటి పని.

ఎక్జిమాకు, తిండికి సంబంధం ఉంది. కానీ జనం అనుకునే దిశలో లేదు. పడని పదార్థమేదో కడుపులోకి వెళ్లి, రక్తాన్ని చెరిపి, చర్మం మీద పొంగిందన్నది పాత ఊహ. ఎక్జిమా అనే గ్రీకు మాటకే పొంగి బయటికి రావడం అనే అర్థం ఉంది. గత రెండు దశాబ్దాల పరిశోధన చాలావరకు దీన్ని తిరగేసింది. ముందు చెదిరేది చర్మం. ఆ చెదిరిన చర్మం గుండా లోపలికి చొరబడిన ఆహారపు పొడి, మరక, నూనె శరీరానికి శత్రువులవుతాయి. ఈ క్రమాన్ని ఒప్పుకుంటే పథ్యం అనే మాటకు అర్థమే మారిపోతుంది. కంచంలోంచి ఏం తీసేయాలన్నది కాక, చర్మాన్ని మూసి ఉంచుతూ ఏ ఆహారాన్ని ఏ వయసులో నోటి ద్వారా పరిచయం చేయాలన్నది అసలు ప్రశ్న అవుతుంది.

తిండి మీద అనుమానం అజ్ఞానంలోంచి పుట్టింది కాదు. ఆయుర్వేదం ఎక్జిమాను పోలిన వ్యాధిని విచర్చిక అనే పేరుతో వర్ణించి, చర్మరోగాలకు చెప్పిన కారణాల్లో విరుద్ధాహారాన్ని చేర్చింది. చేపలూ పాలూ కలిపి తినకూడదన్న నియమం అక్కడిదే. తెలుగు ఇళ్లలో వంకాయ, గోంగూర, గుడ్డు, రొయ్యలు, ఎండుచేప, పులుపు దురద పెంచుతాయని మానిపిస్తారు. కంద తింటే గొంతు దురదపెట్టడం అందరూ ఎరిగినదే. అది కందలోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు గుచ్చుకోవడం వల్ల వచ్చేది, చింతపండు వేసి వండితే తగ్గేది; ఎక్జిమాతో దానికి పొత్తు లేదు. టమాటా చారు, పుల్లని పండ్ల రసం పసిబిడ్డ మూతి చుట్టూ ఎర్రదనం తెప్పించడమూ నిజమే. అది రసం తగిలిన చోట పుట్టిన మంట, కడుపులోంచి వచ్చిన అలర్జీ కాదు. తినిపించే ముందు బుగ్గలకు కాస్త వాజలిన్ రాసి, తిన్నాక తుడిస్తే చాలు.

పైగా తిండి మారిస్తే మానే చర్మవ్యాధులు ఉన్నాయి, వాటిలో ఒకటి మన నేల మీదే బాగా అధ్యయనమైంది. దక్కను పీఠభూమిలో జొన్న అన్నమే ప్రధానంగా తిని బతికిన పేదల్లో ఎండ తగిలే చేతులు, పాదాలు, మెడ నల్లబడి పొలుసులు లేచే పెల్లాగ్రా కనిపించేది. కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చి తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న పరిశోధనశాలలో సి. గోపాలన్, ఆయన సహచరులు దీన్ని శోధించి, జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే కారణమని 1960లో ప్రతిపాదించారు. ఆ వివరణ మీద వాదాలు నడిచాయి గానీ, నియాసిన్ విటమిన్ ఇస్తే చర్మం బాగవుతుందన్నదానికి తిరుగు లేదు. జింకు లోపంతో నోటి చుట్టూ, మలద్వారం చుట్టూ పుండ్లు పడ్డ పసిబిడ్డను ఎక్జిమా అని పొరబడి నెలల తరబడి పూతలు రాసే ప్రమాదం ఇప్పటికీ ఉంది. 1929లో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు కొవ్వు బొత్తిగా లేని మేత పెట్టిన ఎలుకల చర్మం పొలుసులు కట్టడం చూసి, కొన్ని కొవ్వు ఆమ్లాలు లేకపోతే చర్మం నిలవదని తేల్చారు. ఈ మూడింటిలోనూ మందు ఏమిటో గమనించాలి. తక్కువైనదాన్ని కలిపారు, ఉన్నదాన్ని తీయలేదు. ఎక్జిమా పేరుతో మనం చేసేది చాలాసార్లు దీనికి సరిగ్గా ఎదురు.

ఇక చర్మం సంగతి. పై పొరలోని కణాలు ఇటుకల్లా, వాటి మధ్య కొవ్వు పదార్థాలు సున్నంలా అమరి గోడ కడతాయి. ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ ఆ ఇటుకలకు బిగువునిచ్చి, ఆ తర్వాత తానే చిన్న ముక్కలుగా విడిపోయి చర్మంలో తేమను పట్టి ఉంచుతుంది. ఈ ప్రోటీన్ తయారీకి ఆధారమైన జన్యువు చెడితే ఎక్జిమా వచ్చే అవకాశం బాగా పెరుగుతుందని స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ మెక్లీన్ బృందం 2006లో కనిపెట్టింది. ఐరోపా జనాభాలో దాదాపు పదిమందిలో ఒకరికి ఈ మార్పు ఉంటుంది. తూర్పు ఆసియాలో వేరే మార్పులు కనిపిస్తాయి. ఇది ఉన్న అందరికీ ఎక్జిమా రాదు, లేనివాళ్లకూ వస్తుంది. అయినా గోడ బీటలు వారడమే కథకు మొదలన్న ఆలోచనకు ఇంత గట్టి ఆధారం అంతకు ముందు లేదు. బీటల్లోంచి తేమ బయటికి పోతుంది, స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి తిష్ఠ వేస్తుంది, రోగనిరోధక కణాలు రెచ్చిపోతాయి, దురద పుడుతుంది, గోకుడు గోడను ఇంకా కూలుస్తుంది.

ఆ బీటల్లోంచే ఆహారపు అలర్జీ లోపలికి వస్తుందని తొలి ఆనవాలు పట్టింది లండన్ వైద్యుడు గిడియన్ లాక్ బృందం. ఇంగ్లండ్‌లో పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన పిల్లల సమాచారం చూస్తే, వేరుశనగ పడని పిల్లల్లో చాలామందికి పసితనంలో వేరుశనగ నూనె కలిసిన చర్మపు పూతలు రాశారని 2003లో వాళ్లు ప్రకటించారు. గర్భిణిగా తల్లి ఏం తిన్నదన్నదానితో సంబంధం కనిపించలేదు. జపాన్‌లో జరిగినది ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంటుంది. గోధుమ ప్రోటీన్‌ను విడగొట్టి కలిపిన ఒక ముఖం సబ్బు వాడినవాళ్లలో 2,000 మందికి పైగా గోధుమలు పడని స్థితికి వచ్చారు. అంతవరకూ రొట్టె, నూడుల్స్ హాయిగా తిన్న పెద్దవాళ్లు వాళ్లు. తిండి మారలేదు, చర్మానికి రాసింది మారింది.

దీనికి రెండో సగం, నోటి ద్వారా వచ్చినదాన్ని శరీరం సహించడం నేర్చుకుంటుందన్నది. ఈ విషయంలో వైద్యలోకం ఒక పెద్ద పొరపాటు చేసింది. అలర్జీ ముప్పున్న పిల్లలకు గుడ్డు రెండేళ్ల దాకా, వేరుశనగ మూడేళ్ల దాకా పెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో చెప్పి, 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. వేరుశనగతో చేసిన బొరుగుల్లాంటి చిరుతిండి పసితనం నుంచే తినే ఇజ్రాయెల్ పిల్లల్లో ఆ అలర్జీ 0.17 శాతం ఉంటే, అదే మూలాలున్న బ్రిటన్ యూదు పిల్లల్లో 1.85 శాతం ఉందని అదే ఏడాది తేలింది. తర్వాత లాక్ బృందం తీవ్రమైన ఎక్జిమా గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది 4 నుంచి 11 నెలల పసివాళ్లను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు వేరుశనగ పెడుతూ, మరో గుంపుకు పూర్తిగా మాన్పించి ఐదేళ్ల వయసు దాకా గమనించింది. 2015లో వెలువడిన ఫలితం ప్రకారం, మొదటి చర్మపరీక్షలో వేరుశనగకు స్పందన లేని పిల్లల్లో మానేసినవాళ్లకు 13.7 శాతం, తిన్నవాళ్లకు 1.9 శాతం అలర్జీ వచ్చింది. మరో సాక్ష్యం జపాన్ వైద్యులు 2017లో ఇచ్చారు. ఎక్జిమా ఉన్న పసివాళ్ల చర్మానికి గట్టిగా చికిత్స చేస్తూనే, ఆరో నెల నుంచి బాగా ఉడికించిన గుడ్డు పొడి రోజూ అతి కొద్దిగా పెట్టారు. ఏడాది నిండేసరికి గుడ్డు అలర్జీ ఈ పిల్లల్లో 8 శాతం, ఉత్తుత్తి పొడి తిన్నవాళ్లలో 38 శాతం. చర్మం మూయడం, నోరు తెరవడం కలిసి నడవాలన్న మాటకు దీనికన్నా చక్కని ఉదాహరణ నాకు తెలియదు.

అలాగైతే పుట్టిన రోజు నుంచే బిడ్డ ఒంటికి తేమ పూతలు రాస్తే ఎక్జిమా రాకుండా పోవాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. బ్రిటన్‌లో 1,394 మంది శిశువులతో సరిగ్గా ఈ ప్రయోగమే చేశారు. 2020లో వచ్చిన ఫలితం నిరాశపరిచింది: ఏడాదిపాటు రోజూ పూత రాసినవాళ్లలో రెండేళ్లకు 23 శాతానికి, రాయనివాళ్లలో 25 శాతానికి ఎక్జిమా వచ్చింది. కాబట్టి గోడ సిద్ధాంతం ఎక్జిమా పుట్టుకను పూర్తిగా వివరించదు. మామూలు పూతతో ఆ గోడకు మరమ్మతు జరుగుతుందన్న భరోసా కూడా లేదు. కానీ ఆ ప్రయోగం తిండి మీద పాత అనుమానాన్ని తిరిగి నిలబెట్టదు. ఎక్జిమా వచ్చాక చర్మాన్ని అదుపులో పెట్టడం వల్ల కలిగే మేలునూ అది కాదనలేదు.

ఇంకో అభ్యంతరం మరింత బలమైనది. తీవ్రమైన ఎక్జిమా ఉన్న పిల్లల్లో ఆహారపు అలర్జీ నిజంగానే ఎక్కువ. 1998లో అమెరికాలో ఒక పెద్ద ఆసుపత్రికి వచ్చిన 63 మంది పిల్లలను పరీక్షిస్తే 37 శాతానికి అది ఉంది. మరి ఆ పదార్థాలు మానిపిస్తే చర్మం బాగవ్వాలి కదా? బాగవుతుంది, కొద్దిగా. పది ప్రయోగాల్లోని 599 మంది వివరాలను కలిపి 2022లో లెక్క కట్టారు. తిండి మానిపించినవాళ్లలో 50 శాతానికి, మానిపించనివాళ్లలో 41 శాతానికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. వందమంది మానేస్తే తొమ్మిదిమందికి అదనపు లాభం అన్నమాట. ఆ లెక్క మీద కూడా నమ్మకం తక్కువేనని లెక్క కట్టినవాళ్లే చెప్పారు. రెండు వైపులా సగానికి దగ్గరగా మెరుగుపడటం చూడండి. ఎక్జిమా ఉధృతంగా ఉన్నప్పుడే ఎవరైనా పాలో గుడ్డో మానిపిస్తారు. ఉధృతంగా ఉన్నది ఏం చేయకపోయినా కొన్నాళ్లకు తగ్గుముఖం పడుతుంది. ఆ తగ్గుదల ఖాతా పథ్యానికి పడుతుంది. మా బిడ్డకు పాలు మానేస్తే తగ్గిందని చెప్పే తల్లి అబద్ధం చెప్పడం లేదు. ఆమె చూసింది నిజం, కారణం మాత్రం వేరు కావచ్చు.

నష్టం లేకపోతే ప్రయత్నిస్తే పోయేదేముంది అనవచ్చు. నష్టం ఉంది, రెండు రకాలుగా. మొదటిది పోషణ. ఎక్జిమా కోసమో, పాలు పడవన్న అనుమానంతోనో పాలు మానిపించి, బియ్యం నీళ్ల వంటి పానీయం మీద పెంచగా, అమెరికా లాంటి సంపన్న దేశంలోనే పిల్లలు ఒళ్లు ఉబ్బి, చర్మం పెచ్చులు ఊడే క్వాషియార్కర్ పాలయ్యారు. అలాంటి 12 మంది పిల్లల సంగతి 2001లో చర్మవైద్యులు నమోదు చేశారు. చర్మం కోసం మొదలుపెట్టిన పథ్యం చర్మాన్నే ఒలిచేసింది. రెండోది ఇంకా కంటికి కనిపించనిది. రక్తంలో ఒక పదార్థానికి వ్యతిరేక స్పందన ఉన్నా, రోజూ తింటున్నంత కాలం శరీరం దాన్ని సహిస్తూ ఉండవచ్చు. కొన్ని నెలలు మానేస్తే ఆ సహనం పోతుంది. తిండి వల్ల ఎక్జిమా పెరుగుతుందని నిర్ధారించి, ఆ పదార్థం మానిపించిన పిల్లల్లో, అంతకు ముందు తక్షణ అలర్జీ ఎన్నడూ ఎరగనివాళ్లలో 19 శాతానికి ఆ తర్వాత కొత్తగా అది వచ్చిందని 2016లో ఒక అమెరికా ఆసుపత్రి వెల్లడించింది. వాటిలో కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి. దురద కోసం ఆపిన గుక్కెడు పాలు, ఏడాది తర్వాత పొరపాటున తాగితే ఊపిరాడని స్థితి తేవచ్చు.

ఈ ప్రమాదానికి దారి చూపుతున్నవి నేడు ఊరూరా ల్యాబుల్లో దొరికే అలర్జీ పరీక్షలు. కొన్ని వేల రూపాయలు కడితే పదుల కొద్దీ ఆహార పదార్థాల పేర్లతో, కొన్నిటి ఎదురుగా ఎర్ర గుర్తులతో కాగితం చేతికి వస్తుంది. ఆ కాగితం చూసి కందిపప్పు, వంకాయ, పాలు, గోధుమ ఒక్కసారిగా మానేసే కుటుంబాలు తక్కువేం కాదు. ఐజీఈ అనే యాంటీబాడీని వెతికే పరీక్ష చెప్పేది శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందని మాత్రమే, అది పడదని కాదు. కర్ణాటకలో వేలమంది పెద్దవాళ్ల మీద జరిగిన అధ్యయనంలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించింది. నిజంగా అలర్జీ ఉన్నట్టు తోచినవాళ్లు 1.2 శాతం. పరీక్షలో లేదని వస్తే ఆ మాట చాలావరకు నమ్మవచ్చు. ఉందని వస్తే సగానికి పైగా తప్పు కావచ్చు. ఐజీజీ అనే మరో యాంటీబాడీని వెతికే పరీక్షల పరిస్థితి మరీ అన్యాయం. ఐజీజీ ఉందంటే ఆ పదార్థం మనం తింటున్నామని మాత్రమే అర్థం. దాన్ని బట్టి తిండి మానవద్దని ఐరోపా అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే స్పష్టంగా చెప్పినా ఆ వ్యాపారం ఆగలేదు.

నిజంగా అనుమానించాల్సిన సందర్భాలు ఉన్నాయి. తిన్న నిమిషాల్లో, రెండు గంటల లోపు దద్దుర్లు, వాంతులు, పెదవుల వాపు వస్తే అది తక్షణ అలర్జీ; ఆ బిడ్డను వెంటనే వైద్యుడికి చూపించాలి, ఇంట్లో ప్రయోగాలు చేయకూడదు. చర్మానికి సరైన చికిత్స శ్రద్ధగా చేసినా తగ్గని పసిబిడ్డలో ఆలస్యంగా, ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు పెరిగే ఎక్జిమా మరోటి. దీన్ని తేల్చడానికి వైద్యుడి అజమాయిషీలో ఒకే ఒక్క పదార్థాన్ని రెండు నుంచి నాలుగు వారాలు ఆపి, తర్వాత తప్పనిసరిగా తిరిగి పెట్టి చూస్తారు. ఆపినప్పుడు తగ్గడం సగం రుజువే. తిరిగి పెట్టినప్పుడు పెరిగితేనే పూర్తి రుజువు. మన ఇళ్లలో ఆపడం జరుగుతుంది, తిరిగి పెట్టడం జరగదు. పాలు నిజంగా ఆపాల్సి వస్తే వాటి స్థానంలో ఏం వస్తుందో ఆ రోజే తేల్చాలి. రాగి జావలో 100 గ్రాముల పిండికి 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, నువ్వుల్లో అంతకు మించి. పప్పు, వేరుశనగ ప్రోటీన్ ఇస్తాయి. శాకాహార కుటుంబంలో పాలు, పెరుగు పోతే విటమిన్ బి12 దొరికే దారి మూసుకుపోతుంది. దాన్ని మందుగానే ఇవ్వాలి.

తీసేయడం కాక కలపడం వల్ల మేలు జరుగుతుందా అన్నదానికి సమాధానాలు కలగాపులగంగా ఉన్నాయి. సాయంకాలం పూసే ప్రిమ్రోజ్ పువ్వు గింజల నూనె ఒకప్పుడు ఎక్జిమాకు బ్రిటన్ వైద్యులు రాసిచ్చిన మందు. పని చేస్తుందనడానికి ఆధారం చాలదని 2002లో అక్కడ దాని లైసెన్సు రద్దు చేశారు. దాన్నీ, ఆ కోవకే చెందిన బోరేజ్ నూనెనూ పరీక్షించిన 27 ప్రయోగాలను 2013లో తూచి చూస్తే ఉత్తుత్తి మందుకన్నా మెరుగు కనిపించలేదు. మేలుచేసే సూక్ష్మజీవుల కథ ఇంకాస్త ఆశతో మొదలైంది. ఫిన్లాండ్‌లో గర్భిణులకూ, తర్వాత పసివాళ్లకూ ఒక లాక్టోబాసిల్లస్ రకం ఇస్తే రెండేళ్లకు ఎక్జిమా 46 శాతం నుంచి 23 శాతానికి దిగిందని 2001లో ప్రకటించారు. ఇతర దేశాల్లో అదే ఫలితం నిలకడగా రాలేదు. వచ్చిన ఎక్జిమాను తగ్గించడంలోనైతే, 39 ప్రయోగాలను కలిపి చూసిన 2018 సమీక్ష ప్రకారం తేడా దాదాపు లేదు. పెరుగన్నం మంచి తిండి, మందు కాదు. విటమిన్ డి విషయంలో మంగోలియా నుంచి మంచి ఆధారం ఉంది. చలికాలంలో ఎక్జిమా పెరిగే 107 మంది పిల్లలకు నెలపాటు రోజూ 1,000 యూనిట్లు ఇస్తే ఉత్తుత్తి మందు కన్నా రెట్టింపు మెరుగు వచ్చింది. ఎండ దండిగా కాసే తిరుపతి పరిసరాల్లో జరిగిన అధ్యయనాల్లోనూ ఆరోగ్యంగా కనిపించే చాలామందిలో ఈ విటమిన్ లోపం బయటపడింది కాబట్టి, లోపం ఉంటే సరిదిద్దడం ఎలాగూ చేయాల్సిందే.

పెద్దవాళ్లకు సంబంధించి రెండు విషయాలు పట్టించుకోదగ్గవి. ఒకటి ఉప్పు. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా జనం మూత్రంలోని సోడియంను లెక్కించి, ఒక గ్రాము పెరిగినకొద్దీ ఎక్జిమా ఉండే అవకాశం 11 శాతం పెరుగుతోందని 2024లో ప్రకటించారు. ఒకే సమయంలో తీసిన కొలత గనక ఉప్పే కారణమని దీన్నిబట్టి చెప్పలేం. అయినా ఆవకాయ, అప్పడం, ఎండుచేప లేని పూట ఉండని మన భోజనంలో ఉప్పు తగ్గిస్తే రక్తపోటుకైనా మేలే. రెండోది నికెల్. అరచేతుల్లో, వేళ్ల పక్కన నీటి పొక్కులతో దురదపెట్టే వేరే రకం ఎక్జిమా ఉన్నవాళ్లలో, గిల్టు నగలకు ఒళ్లు కందే కొందరికి తిండిలోని నికెల్ కూడా జబ్బును రేపుతుందని డెన్మార్క్ వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. పప్పులు, జీడిపప్పు, సోయా, కోకోలో ఇది ఎక్కువ. పులుపు స్టీలు గిన్నెలో చాలాసేపు ఉడికితే గిన్నెలోంచి కూడా నికెల్ దిగుతుంది, కొత్త గిన్నెలో మరింతగా. అలాంటివాళ్లు చింతపండు పులుసును మట్టి పాత్రకో రాచిప్పకో మార్చి చూడటంలో అర్థముంది. పసిపిల్లల ఎక్జిమాకు ఇది వర్తించదు. పప్పు మానిపిస్తే శాకాహారి బిడ్డకు మిగిలేది ఏమీ లేదు.

సహజం అనే మాట దగ్గర కాస్త ఆగాలి. తల్లిదండ్రులు తిండి వైపు మళ్లడానికి అసలు కారణం చాలాసార్లు స్టెరాయిడ్ పూతల మీది భయం. దుకాణంలో అడిగి కొన్న ఘాటైన పూతను నెలల తరబడి ముఖానికి రాసి చర్మం పలచబడ్డవాళ్లను చూశాక ఆ భయం తప్పనలేం. కానీ వైద్యుడు చెప్పిన బలంలో, చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడే పూత వేరు. జపాన్ గుడ్డు ప్రయోగం నెగ్గడంలో ఆ పూతకూ వాటా ఉంది. మూలికల పేరుతో వచ్చేవన్నీ మూలికలు కావు: 1999లో లండన్‌లో 11 చైనా మూలికా పూతలను పరీక్షిస్తే ఎనిమిదింటిలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడే దొరికింది. 2004లో బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా బయటపడింది. మరోపక్క ఇంటి వస్తువుల్లో కొబ్బరి నూనెకు మంచి సాక్ష్యం ఉంది. ఫిలిప్పీన్స్‌లో 117 మంది పిల్లల మీద ఎనిమిది వారాలు జరిపిన ప్రయోగంలో గానుగ పచ్చి కొబ్బరి నూనె, ఖనిజ నూనెకన్నా స్పష్టంగా మెరుగని 2014లో తేలింది. ఆలివ్ నూనె మాత్రం చర్మపు గోడను బలహీనపరుస్తుందని బ్రిటన్‌లో గమనించారు. సున్నిపిండి సంగతి జాగ్రత్తగా చెప్పాలి. మామూలు చర్మానికి అది తరతరాల అలవాటు. కానీ జపాన్ సబ్బు ఉదంతం ఎరిగాక, రసి కారే చర్మం మీద పెసర, శనగ పిండి రుద్దమని చెప్పడానికి మనసొప్పదు. అది పుండును రాపిడి చేస్తుంది, పప్పు ప్రోటీన్‌ను రాకూడని దారిలో లోపలికి పంపుతుంది.

బాలింత పథ్యం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. బిడ్డకు ఎక్జిమా ఉందని పాలిచ్చే తల్లికి పెరుగు, గుడ్డు, వంకాయ, పులుపు ఒక్కొక్కటే మానిపిస్తూ పోతారు. గర్భంలో గానీ, పాలిచ్చేటప్పుడు గానీ తల్లి తిండి తగ్గిస్తే బిడ్డకు ఎక్జిమా రాకుండా ఉంటుందనడానికి 2012 నాటి సమగ్ర సమీక్షలో ఆధారం దొరకలేదు. గర్భిణి బరువు తక్కువగా పెరిగే ముప్పు మాత్రం కనిపించింది. తల్లి తిన్నది పాల ద్వారా బిడ్డను నిజంగా బాధించే సందర్భాలు అరుదు. వాటినీ పైన చెప్పినట్టే ఆపి, తిరిగి పెట్టి తేల్చాలి.

మన ఆచారంలో ఆరో నెల అన్నప్రాశన ఈ కొత్త విజ్ఞానానికి చక్కగా సరిపోయే వయసు. ఇక్కడ వేరుశనగ అలర్జీ అరుదు గనక పాశ్చాత్య సూచనలు మనకెందుకన్న ప్రశ్న సబబే. అయితే పల్లీ చట్నీ, ఉగ్గులోని గింజల పొడి చిన్నప్పటి నుంచే నోటికి తగిలే ఇళ్లకు ఆ సూచన కొత్తగా చేర్చేదేమీ లేదు. ఎక్జిమా ఉందని భయపడి ఆ అలవాటును ఆపవద్దనే చెబుతుంది. ఎక్జిమా ఓ మోస్తరుగా ఉన్న బిడ్డకు ఆరు నెలలప్పుడు, చర్మం నెమ్మదిగా ఉన్న రోజు చూసి, మెత్తగా నూరిన వేరుశనగను జావలో, బాగా ఉడికిన గుడ్డును అన్నంలో కొద్దికొద్దిగా, ఒక్కోసారి ఒక్కటే పెట్టవచ్చు. గింజలుగా మాత్రం ఐదేళ్లు నిండే దాకా పెట్టకూడదు, గొంతుకు అడ్డుపడతాయి. ఎక్జిమా తీవ్రంగా ఉన్నా, గుడ్డు పడదని ముందే తెలిసినా, అమెరికా వైద్యులు 2017లో చెప్పినట్టు 4 నుంచి 6 నెలల మధ్యే పరీక్ష చేయించి, అవసరమైతే ఆసుపత్రిలోనే మొదటి ముద్ద పెట్టించాలి. లాక్ ప్రయోగంలో పిల్లలు తిన్నది వారానికి 6 గ్రాముల వేరుశనగ ప్రోటీన్, అంటే దాదాపు 25 గ్రాముల గింజల్లో ఉండేంత, మూడు విడతల్లో. ఐదేళ్లు నిండాక ఏడాదిపాటు రెండు గుంపులచేతా వేరుశనగ మాన్పించి, ఆ తర్వాత వాళ్లను ఇష్టమైనట్టు తినమని, మానాలనుకుంటే మానమని వదిలేశారు. పన్నెండేళ్ల వయసు దాటాక మళ్లీ పిలిచి చూస్తే, 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం, పసితనంలో మానేసినవాళ్లలో 15.4 శాతానికి, తిన్నవాళ్లలో 4.4 శాతానికి ఆ అలర్జీ ఉంది.